మా ఆయన చెవులకు సాన పట్టిన ఆట

చంటిబిడ్డ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక హారర్ గేమ్ ఉండి తీరాలి. ఫ్రిజ్ లేకపోయినా ఎలాగో గడుస్తుంది. వాషింగ్ మెషీన్ లేకపోతే చేతులున్నాయి. కానీ మగమనిషిని కుర్చీలోంచి ఎగిరిపడేలా చేసే ఆట ఒకటి లేకపోతే మాత్రం ఆ సంసారం ముందుకు సాగదు!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

నాలాంటి ఆడవాళ్ళు చాలామంది ఈ ఆటల్ని తిట్టిపోస్తుంటారని తెలుసు. 'ఆ పెట్టె ముందు కూర్చున్నారంటే ఇల్లు కూలినా లేవరు' అని మా పక్కింటావిడ రోజూ మెటికలు విరుస్తుంది. ఆవిడకూ మీకూ నా మనవి ఒక్కటే. తొందరపడి వైరు పీకేయకండి. ముందు ఇది చదవండి.

మా ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తారు. పొద్దంతా పదిమంది చూపు సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి చీకట్లో కూర్చుంటారు. ఆట అలాంటిది మరి. అందులో మీరొక గదిలో ఒంటరిగా ఉంటారు. ఎదురుగా ఒక కంప్యూటరు. అంటే మన ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, ఆ కంప్యూటర్లో ఇంకో కంప్యూటరు ముందు కూర్చోవాలన్నమాట. అందులోంచి డీప్ వెబ్ అనే చోటికి దిగాలి. మామూలు ఇంటర్నెట్‌కు అడుగున ఉండే ఇంటర్నెట్టట. అక్కడ మంచి పని మీద తిరిగేవాడు ఒక్కడూ ఉండడు. ఆ సందుగొందుల్లో ఎవరో ముక్కలు చేసి దాచిన తాళంచెవిని వెతికి, అతికించి, ఒక తలుపు తెరవాలి. వెతుకుతుండగా హ్యాకర్లు మీద పడతారు. గబగబా మీటలు నొక్కి వాళ్ళను తరిమేయాలి.

అది చాలదన్నట్టు, మిమ్మల్ని ఎత్తుకుపోవడానికి కొందరు గది దాకా వస్తారు. వాళ్ళు కనబడరు. వినబడతారంతే! ఒకడు లిఫ్టులో వస్తాడు. ఇంకొకడు తడి బూట్లతో మెట్లెక్కుతాడు. మరొకడికి అడుగుల చప్పుడే ఉండదు, బయట బల్బు సన్నగా గుయ్యిమంటుంది. చప్పుడును బట్టి ఎవడొచ్చాడో కనిపెట్టాలి. లిఫ్టువాడైతే లైటు ఆపేసి కదలకుండా కూర్చోవాలి. బూట్లవాడైతే పరుగెత్తి తలుపు పట్టుకోవాలి. ఒక్క పొరపాటు చేస్తే ఆట మొత్తం మొదటికి వస్తుంది. ఆపిన చోటు నుంచి మొదలుపెట్టే సౌకర్యం లేదు. మా ఆయన గానీ, నెట్టులో కలిసిన ఆయన ఆట జట్టులో వాళ్ళు గానీ ఇంతవరకు ఆ తాళంచెవిని పూర్తిగా చూసిన పాపాన పోలేదు.

"కోరి కోరి ఇంత కష్టం ఎందుకండీ?" అని ఒకసారి అడిగాను.

"అదే థ్రిల్లు. నీకు అర్థం కాదులే" అన్నారు.

ఎందుకు అర్థం కాదు? పాలు పట్టి, భుజాన వేసుకుని తేపించి, జోకొట్టి, మంచం మీద ఆనించగానే పాప కళ్ళు తెరుస్తుంది. మళ్ళీ మొదటి నుంచి! ఆపిన చోటు నుంచి మొదలుపెట్టే సౌకర్యం నా ఆటలోనూ లేదు. దాన్ని థ్రిల్లు అంటారని ఎవరూ చెప్పలేదు, అంతే తేడా.

సరే, లాభాల దగ్గరకు వద్దాం.

పాప పుట్టిన కొత్తలో మా ఆయన చెప్పులు టపటపలాడించుకుంటూ ఇంట్లో తిరిగేవారు. అప్పుడే కన్నంటిన పిల్ల ఉలిక్కిపడి లేచేది. ఎన్నిసార్లు చెప్పినా "ఇదేం ఇల్లా, లైబ్రరీయా?" అనేవారు. ఆట మొదలుపెట్టాక ఆ మనిషి దూది మీద నడిచినట్టు నడుస్తున్నారు. శత్రువుకు అడుగుల చప్పుడు వినబడకూడదట! నేను బతిమాలితే రాని నడక, ఎవడో దొంగ నేర్పితే వచ్చింది. నేను ఆ దొంగకు రుణపడి ఉండొద్దూ?

గడియ సంగతి చూడండి. పడుకునేముందు నేను తలుపు గడియ చూసుకుంటాను. చూసి వచ్చి పడుకున్నాక, నిజంగా చూశానా లేక చూశాననుకున్నానా అని అనుమానమొచ్చి మళ్ళీ లేస్తాను. "ఆ గడియ అరిగి ఊడిపోతుందే. అప్పుడు దొంగ నీకు దండం పెట్టి మరీ లోపలికొస్తాడు" అని మా ఆయన ఎగతాళి చేసేవారు. ఇప్పుడు నాకంటే ముందు ఆయనే లేస్తున్నారు. నేను లేస్తే పిచ్చి. ఆయన లేస్తే స్ట్రాటజీ!

ల్యాప్‌టాప్ కెమెరాకు బ్యాండేజీ వేశారు. పాపకు సూది మందు వేయించాక అంటించడానికి తెచ్చిపెట్టుకున్న బొమ్మల బ్యాండేజీ అది. కుందేలు బొమ్మ. ప్రపంచంలోని హ్యాకర్లందరినీ మా ఇంట్లో ఒక కుందేలు అడ్డుకుంటోంది.

వైఫై పాస్‌వర్డ్ అయితే ఎప్పుడు మారుతుందో ఆయనకే తెలియదు. మా అత్తగారు ఫోనులో సీరియల్ చూస్తూ ఉంటారు. సరిగ్గా కోడలి నిజస్వరూపం బయటపడే సమయానికి తెర మీద బొమ్మ ఆగిపోతుంది.

"ఒరే, మళ్ళీ ఏం మార్చావురా?"

"అమ్మా, గట్టిగా అడక్కు. ఎవరైనా వింటారు."

"ఇంట్లో ఎవరు వింటార్రా, నీ పెళ్ళాం తప్ప?"

"అదే చెప్తున్నా."

చూశారా! పెళ్ళయ్యాక మొదటిసారి ఈ ఇంట్లో నన్ను కూడా లెక్కలోకి తీసుకున్నారు. హ్యాకర్ల వరసలో అయితేనేం?

ఇన్ని లాభాలున్నా నాకొక చిన్న చింత ఉండేది. సిగ్గుపడుతూ చెబుతున్నాను.

పాప నిద్రలో ఈల వేసేది.

వెల్లకిలా పడుకున్నప్పుడు, ముఖ్యంగా పాలు తాగాక, ఊపిరి లోపలికి పీల్చినప్పుడల్లా గొంతులో సన్నటి ఈల. మధ్యలో ఒక్కోసారి ఆగేది. ఆగితే నా ఊపిరీ ఆగేది. మళ్ళీ ఈల మొదలయ్యాక ఇద్దరం కలిసి పీల్చుకునేవాళ్ళం. పాలు కూడా రెండు గుక్కలు తాగి, వదిలేసి, రొప్పి, మళ్ళీ పట్టుకునేది. పుట్టినప్పుడు కొన్న గౌనులో ఇంకా ఇద్దరు పిల్లలు పట్టేటట్టు ఉండేది.

మా ఆయనకు చెప్పాను.

"ఈల వేస్తోందా? భలే, సంగీతం నేర్పిద్దాం" అన్నారు, తెరమీంచి చూపు తిప్పకుండా.

అత్తగారికి చెప్పాను. ఆవిడ పాపను ఎత్తుకుని చెవి ఆనించారు. ఎత్తుకుంటే ఆ చప్పుడు రాదు! అదే దాని టక్కరితనం. "ఏదమ్మాయ్ ఈల? పసిగుడ్డన్నాక ముక్కు గుర్రుమంటుంది. మావాడైతే కొయ్య కోసినట్టు కోసేవాడు. వాడికేమైంది, శుభ్రంగా ఉన్నాడుగా?" అన్నారు.

ఆవిడ 'మావాడు' ఆ సమయంలో శుభ్రంగా లైటు ఆపుకుని, కుర్చీ వెనక నక్కి కూర్చున్నాడు. కనుక నేను వాదించలేదు.

చివరికి ఒంటరిగా క్లినిక్కుకు తీసుకెళ్ళాను. నర్సు గారు చాలా మర్యాదస్తురాలు. పాపను చూడకముందే అడిగారు, "మొదటి బిడ్డా?" అని. అవునన్నాను. జబ్బేమిటో ఆవిడకు అప్పుడే తేలిపోయింది. ఆ జబ్బు నాది! పాప నా భుజం మీద నిటారుగా కూర్చుని, బోసినోటితో నవ్వుతూ, ఈల గీల ఏమీ ఎరగనట్టు ఆవిడ పెన్ను లాక్కోబోయింది. "బరువు కాస్త తక్కువే గానీ, నీ పోలికేమోలే. ఫోనులో అవీ ఇవీ చదవకమ్మా, భయం ఎక్కువవుతుంది" అన్నారు.

చదవకుండా ఉంటానా? 'పసిబిడ్డ నిద్రలో ఈల' అని కొట్టి చూశాను. జలుబని ఒకరు, ఏమీ కాదని ఒకరు, వెంటనే పరుగెత్తమని ఒకరు రాశారు. ఆ తర్వాత చదివినవి ఇక్కడ రాయలేను. మా ఆయన డీప్ వెబ్ అడుగు దాకా దిగి క్షేమంగా పైకి వస్తారు. నేను మామూలు వెబ్‌లో మోకాలి లోతుకే మునిగిపోయాను.

ఆ రోజు క్లినిక్కు నుంచి ఇంటికొచ్చి తలుపు పిడి తిప్పితే తలుపు రాలేదు. అవతల ఎవరో గట్టిగా పట్టుకుని లాగుతున్నారు. "ఏవండీ!" అని పిలిచాను. పట్టు ఇంకా బిగిసింది. ఫోను చేశాను. లోపల మోగింది, ఠక్కున ఆగింది. ఒక చేత్తో పాప, ఇంకో చేతిలో సంచి. నా చెప్పులు వానలో తడిసి ఉన్నాయి. మీకు అర్థమై ఉంటుంది. నేను బూట్లవాణ్ణి!

అత్తగారు పక్కింటి నుంచి వచ్చి కిటికీ మీద బాదితే గానీ మా ఆయన తలుపు వదల్లేదు. చెమటలు కక్కుతూ, హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి నన్ను చూశారు.

"నువ్వా! చెప్పొచ్చుగా?"

"చెప్పానండీ."

"చప్పుడు అచ్చం అలాగే ఉందే. వాళ్ళేం చేశారో గానీ అద్భుతంగా తయారుచేశారు!" అని ఆట చేసినవాళ్ళను మెచ్చుకున్నారు. తర్వాత గుర్తొచ్చి, "నర్సు ఏమంది?" అని అడిగారు.

"నాకు భయం ఎక్కువంది."

"చూశావా, నేను ముందే చెప్పాను" అని తృప్తిగా హెడ్‌ఫోన్ సర్దుకున్నారు.

అప్పుడు మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఇక మీదట కుడి చెవి ఆటకు, ఎడమ చెవి ఇంటికి. ఎంత ఉదారం! మా ఆయన శరీరంలో నాకంటూ ఒక అవయవం దొరికింది. కాకపోతే ఆ ఎడమ చెవిలో అత్తగారి పాస్‌వర్డులు, నీళ్ళ మోటారు, వీధి తలుపు, పక్కింటివాళ్ళ టీవీ అన్నీ ఉంటాయి కనుక, పాప ఈల దాకా వరస రాలేదు.

ఇక అసలు కథ. ఇక్కడే ఆ ఆట గొప్పతనం తెలుస్తుంది.

ఆదివారం మధ్యాహ్నాల్లో మా ఆయన జట్టుకు 'చప్పుళ్ళ క్లాసు' ఉంటుంది. ఒకరి ముఖం ఒకరు ఎరగని స్నేహితులు వీళ్ళు. ఒకాయన్ని కెప్టెన్ అంటారు. ఇంకొకాయన గుడ్లగూబ, పెద్దగా మాట్లాడడు. ఆటలో వినబడ్డ చప్పుళ్ళను తలా ఒకటి రికార్డు చేసి పంపుకుంటారు. ఒక పక్క ఆట నడుపుతూనే, అవి స్పీకర్లో పెట్టుకుని, వీడెవడు, ఎంత దూరంలో ఉన్నాడు, ఎప్పుడు మీద పడతాడు అని చర్చిస్తారు. ఆ శ్రద్ధ చూసి తీరాలి! ఒక చెక్క కిర్రుమన్న చప్పుడును తిప్పి తిప్పి వింటారు. ఎవరు భయపడినా ఎవరూ నవ్వరు. "నాకెందుకో అనుమానంగా ఉంది" అని ఒకడంటే మిగతావాళ్ళు నోరు మూసుకుని మళ్ళీ వింటారు. గుమ్మంలో నిలబడి చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. భయానికి ఇంత గౌరవం దొరికే చోటు ప్రపంచంలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

పడకగదిలోకి వెళ్ళాను. పాప పాలు తాగి వెల్లకిలా నిద్రపోతోంది. దిండు పక్కన ఫోను పెట్టి రికార్డు చేశాను. 'ఇది ఏ చప్పుడో కాస్త చెప్పండి' అని మా ఆయనకు పంపాను.

గోడ అవతల ఆయన సంబరం వినబడింది. "ఒరే, మా ఆవిడ కూడా క్లిప్పు పంపిందిరా!"

"వదినగారా? వెయ్యి వెయ్యి!" అన్నాడు కెప్టెన్.

వేశారు. నేను గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాను. గది నిండా పాప ఈల. ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరికీ వినబడని ఈల స్పీకర్లో రైలంత ఉంది!

"అమ్మో" అన్నాడు కెప్టెన్. "లిఫ్టువాడు కాదు. వీడు కొత్తవాడు."

"అప్‌డేట్‌లో వచ్చుంటాడు" అన్నారు మా ఆయన. ఆయన చేతి మీద రోమాలు లేచి నిలబడ్డాయి. పెళ్ళిచూపుల్లో కూడా ఆ మనిషికి అంత ఏకాగ్రత లేదు. "తలుపు దగ్గర లేడురా. చాలా దగ్గరగా ఉన్నాడు. ఈ గోడ అవతలే ఉన్నట్టు లేదూ?"

"లైటు ఆపెయ్యి!" అన్నాడు కెప్టెన్.

పట్టపగలు మా ఆయన చెయ్యి నిజంగానే స్విచ్చు దాకా వెళ్ళింది.

"ఆగండి. మళ్ళీ వెయ్యి" అన్నాడు గుడ్లగూబ.

మళ్ళీ వేశారు.

"పీల్చేటప్పుడే వస్తోంది ఈల. వదిలేటప్పుడు లేదు. ఇక్కడ... ఇదిగో, ఇక్కడ ఆగిపోయింది. విన్నారా? చాలా చిన్న గొంతు." ఆ ముక్కే ఇంకోసారి వేయించుకుని విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "వీడెవడో మనల్ని చంపడానికి రాలేదురా. వీడికే ఊపిరి ఆడటం లేదు."

మా ఆయన కుర్చీ తిప్పి నావైపు చూశారు. "ఏ లెవెల్లో దొరికింది నీకిది?"

"మన పడకగదిలోనండీ."

ఆయనకు వెంటనే అందలేదు. అందాక, మెడలో ఉన్న హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. రెండు చెవులతో ఆ మనిషిని చూసి ఎన్నాళ్ళయింది! దూది మీద నడిచినట్టు వెళ్ళి, పాప మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి విన్నారు. ఈల ఆగింది. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఈల మొదలైంది. ముగ్గురం పీల్చుకున్నాం.

ముందు గదిలో ఆట నడుస్తూనే ఉంది. ఎవడో తలుపు విరగ్గొట్టి లోపలికొచ్చిన చప్పుడు, పెద్ద కేక. "పోయావురా! మొత్తం పోయింది! ఎక్కడున్నావురా?" అని కెప్టెన్ అరుస్తున్నాడు. మా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

"ఎప్పటి నుంచే ఇది?" అని అడిగారు.

నేను ఆసుపత్రికి సంచి సర్దుకోవడానికి లేచాను.

పెద్దాసుపత్రిలో పిల్లల గొంతు చూసే డాక్టరమ్మ ఆ క్లిప్పు వింటూనే, పాపను వెల్లకిలా పడుకోబెట్టి, సన్నటి గొట్టంతో గొంతులోకి చూశారు. గొంతులో స్వరం పుట్టే చోట పైభాగం ఇంకా మెత్తగా ఉందట. ఊపిరి పీల్చినప్పుడల్లా లోపలికి ముడుచుకుని దారికి అడ్డం పడుతోందట. అందుకే పాలు తాగలేక అలిసిపోతోంది, అందుకే బరువు పెరగలేదు. "చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ అదే సర్దుకుంటుంది. కానీ ఈ బరువు చూస్తే ఇంకా ఆలస్యం చేసుంటే ఇబ్బందయ్యేది" అన్నారు. పాలు ఎలా పట్టాలో చూపించి, మందు రాసి, పెదాలు నీలంగా మారినా, ఊపిరికి మరీ ఎగపోస్తున్నా క్షణం ఆగకుండా తీసుకురమ్మన్నారు.

చివర్లో కళ్ళజోడు పైకి తోసుకుని అడిగారు, "ఇంత సన్నటి చప్పుడు ఎవరు కనిపెట్టారు?"

"నేనేనండీ" అన్నారు మా ఆయన. "చెవులకు కాస్త అలవాటు."

"అదృష్టవంతురాలివమ్మా" అన్నారు డాక్టరమ్మ నాతో.

నిజమే కదా! ఇంటికొచ్చాక అత్తగారు పక్కింటావిడకు చెబుతున్నారు, "గోడ అవతల నుంచి పట్టేశాడమ్మా మావాడు. వాడి చెవి పాము చెవి!" పక్కింటావిడ కూడా ఒప్పుకుంది. ఆవిడ ఇప్పుడు మెటికలు విరవడం మానేసి, వాళ్ళాయనకు ఆ ఆట ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంటోంది.

నేనూ ఆ ఆటకు దండం పెడుతున్నాను. నా నోటితో చెప్పినన్నాళ్ళూ అది భయం. స్పీకర్లోంచి రాగానే అది ఆధారం! ఇంత తేలికైన కిటుకు ఇన్నాళ్ళూ తోచకపోవడం నా తెలివితక్కువతనం. ఇంట్లో ఏదైనా చెప్పాలంటే ఇక నోరు నొప్పి పుట్టించుకోవద్దని తోటి ఆడవాళ్ళకు నా సలహా. రికార్డు చేసి పంపండి. వెనకాల కాస్త గాలి చప్పుడు కలిపితే మరీ మంచిది.

పాప ఇప్పుడు కొంచెం నయం. గౌనులో ఒక్క పిల్లే పడుతోంది. పాలు తాగాక మా ఆయనే భుజాన వేసుకుని తిరుగుతున్నారు. పడుకోబెట్టాక చెవి ఒగ్గి, "ఏమే, ఈల మారింది. విన్నావా?" అని కంగారుపడతారు. ఊరికే భయపడతారేంటండీ అందామని నా నాలుక చివరి దాకా వస్తుంది. అనను. దగ్గరకు వెళ్ళి వింటాను. ఎవరో ఒకరు వినాలి కదా?

గుడ్లగూబ రోజూ మెసేజ్ పెడతాడు, 'వదినా, పాప ఎలా ఉంది' అని. అతని ముఖం నేనెరగను.

మొన్న ఆదివారం క్లాసులో నేనే ఒక కొత్త ఆట చెప్పాను. చీకటి ఉండదు, హ్యాకర్లు ఉండరు, డీప్ వెబ్ అక్కర్లేదు. పగటి వెలుతురు, వంటగది. పొయ్యి మీద గిన్నె ఉంటుంది. ఒకామె ఇటు తిరక్కుండానే, మామూలు గొంతుతో, ఒక మాట చెబుతుంది. ఆడేవాడు ఆ మాట వినాలి. వింటే గెలిచినట్టే!

కెప్టెన్ ఆలోచించాడు. "అంతేనా? ఇంకేం చప్పుడు రాదా వదినా?"

"రాదు."

గుడ్లగూబ నిట్టూర్చాడు.

"మరీ కష్టం వదినా. మొదటి లెవెల్ ఎవడూ దాటడు."